కూతవేటు దూరం

ఒక మనిషి వెనకాల రెండేళ్ళపాటు నడిస్తే ఆయనతో స్నేహం అయినట్టే అనుకున్నాను. ఈ వ్యవహారంలో నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. గొర్రె కూడా వెనకాలే నడుస్తుంది. దాన్ని స్నేహం అనరు, మంద అంటారు. నేనొక్కడినే కాబట్టి మంద అనడానికీ లేదు. మందబుద్ధి అనవచ్చు.

పోయిన నెల తిరుమల కొండకు వెళ్ళాను. క్యూలో నిలబడి ఉండగా మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతున్నారు. ఎవరో అమ్మాయి. మాట స్పష్టంగా, అచ్చు వేసినట్టు ఉంది. అది అయిపోయాక ఇంకో గొంతు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. దర్శనం చేసుకొని మైకు గదికి వెళ్ళి, ఇదివరకు పిలిచే ఆయన ఏరని అడిగితే అక్కడున్నాయన తల కూడా ఎత్తకుండా, "ఆ పెద్దాయనా? రిటైరై యేర్పేడు పక్కన వాళ్ళూరికి పోయినాడు గదా సార్. ఆడనే పోయినాడు. యేడాది దాటింటాది. మీకు తెలీదా?" అన్నాడు.

చావు కబురు చల్లగా చెప్పారంటారు. నాకది పూర్తిగా చల్లారిపోయాక అందింది. ఏడవడానికి ఆలస్యమైపోయింది, మరిచిపోవడానికి ఇంకా వేళ కాలేదు. అందుకని రాస్తున్నాను.

ఆయన ఉద్యోగం తప్పిపోయినవాళ్ళను పిలవడం. డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో తెలుగు పండితుడిగా కొత్తగా చేరిన రోజులు. పుంగనూరు దగ్గర మా ఊరినుంచి మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. తలనీలాలిచ్చేచోట ఆమెను లోపలికి పంపి బయట నిలబడ్డాను. ఎంతసేపటికీ రాలేదు. అంటే, వచ్చే ఉంటుంది. లోపలికి వెళ్ళిన అమ్మ కోసం చూస్తున్నాను గానీ బయటికి వచ్చిన అమ్మను నేను గుర్తుపట్టలేదు. పరుగెత్తుకుంటూ మైకు గదికి వెళ్ళాను.

సన్నగా, పొడుగ్గా, మెడ చుట్టూ తువ్వాలుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

"గుర్తులు చెప్పు. ఏం పని చేస్తావు నువ్వు?"

"తెలుగు పండితుణ్ణండీ."

"ఐవారివా! అట్లయితే బాగా వర్ణిస్తావు. కానీ."

"గుండు చేయించుకుంది. గంధం పూసుకుంది. పసుపు రంగు చీర."

ఆయన కిటికీ వైపు వేలు చూపించాడు. "బయట సూడు. వాళ్ళల్లో మీయమ్మ కానిదెవురో చెప్పు."

చూశాను. ఎండలో గంధపు గుండ్లు, పసుపు చీరలు, కనుచూపుమేర. అలంకార శాస్త్రమంతా చదివినవాణ్ణి, కన్నతల్లికి ఒక్క విశేషణం దొరకలేదు.

పేరు చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. "ఈ పేరుతో ఆమెనెవురన్నా పిలిచి యెన్నాళ్ళయింటాది?" ఆలోచిస్తే మా నాయన "ఏమే" అనేవాడు. ఊళ్ళోవాళ్ళకు ఫలానావాళ్ళ కోడలు. ఆ పేరు పెళ్ళిపత్రికలో ఒకసారి పడి ఉంటుంది, అంతే. "పల్లెటూరి ఆడోళ్ళు మైకులో వాళ్ళ పేరొస్తే యెవురో అనుకుంటారప్పా. నిన్నేమని పిలుస్తాది మీయమ్మ?"

నేను నేల చూశాను. "బుజ్జోడా అని."

ఆయన గొంతు సవరించుకొని మైకు మీద వేలితో కొట్టాడు. వెంటనే వేరే మనిషి అయిపోయాడు. "భక్తులకు విజ్ఞప్తి. పుంగనూరు ప్రాంతమునుండి విచ్చేసిన బుజ్జోడి తల్లిగారు ఎక్కడున్ననూ వెంటనే రాగలరు. మీ బుజ్జోడు ఇక్కడ కన్నీళ్ళతో వేచియున్నాడు."

మైకు కట్టేశాక, "కన్నీళ్ళేమీ లేవు కదండీ," అన్నాను.

"ఉండాయంటే బిరీన వస్తారు."

అమ్మ నిజంగానే వచ్చింది, నన్ను తిట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు కొండమీద మా బడి పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. సెలవు అయిపోయి తరగతిలోకి అడుగుపెట్టేసరికి నా బిరుదు నాకంటే ముందు వచ్చి కూర్చుని ఉంది.

అప్పట్లో కొర్లగుంటలో ఒక మేడమీది గదిలో ఉండేవాణ్ణి. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ఆదివారాలు గడిచేవి కావు. బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక రైల్వేస్టేషనుకు వెళ్ళేవాణ్ణి. ఎవరినీ ఎక్కించడానికి కాదు, దించుకోవడానికీ కాదు. దిగేవాళ్ళను ఎవరో ఒకరు పేరుపెట్టి పిలుస్తుంటారు కదా, అది వినడానికి. అట్లా ఒక ఆదివారం కడప వైపు పోయే ప్యాసింజరు దగ్గర ఆయన కనబడ్డాడు. చేతిలో సద్దిమూట.

"నమస్కారం సార్. నేను బుజ్జోణ్ణి," అన్నాను. ఇంకెట్లా గుర్తుచేయాలో తెలియలేదు.

"మళ్ళా తప్పిపోయిందా మీయమ్మ?"

"లేదు సార్. ఎక్కడికి ప్రయాణం?"

"మామండూరు."

"ఏం పనిమీద?"

"పనేమీ లేదు. అందుకే పోతా ఉండా."

"నేనూ రావచ్చా?"

నా మొహం అక్కడుందన్నట్టు నా చెప్పులకేసి చాలాసేపు చూశాడు. "బండి అందురిదీ," అన్నాడు.

దాన్నే ఆహ్వానం అనుకున్నాను.

మామండూరులో దిగి అడవిబాట పట్టాక, పక్కకు చేరి, ఎండ గురించో గాలి గురించో ఏదో అన్నాను. ఆయన ఆగిపోయాడు.

"ఐవారూ, మాట్లాడల్లంటే యాడన్నా కూసోని మాట్లాడుకుందాం. నడవల్లంటే నడుద్దాం. రెండూ ఒకేసారి చేసేవాళ్ళు పెండ్లి మేళగాళ్ళు. వాళ్ళకు దుడ్లిస్తారు."

"అట్లాగే సార్."

"నేను ముందు పోతా. నువ్వు అరిస్తే నాకినబడల్ల. మామూలుగా మాట్లాడితే ఇనబడగూడదు. అంత దూరంలో రా."

కూతవేటు దూరం అంటే అదే. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను, పిల్లలకు అర్థం చెప్పాను. కొలత తెలిసింది ఆరోజే. అది చాలా పొడుగు. వెదురు పొదల మధ్య ముందు తెల్లచొక్కా ఒకటి మినుకుమని మాయమయ్యేంత పొడుగు. కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు కదా అని ఆశగా ఎదురుచూస్తే, కూర్చున్నప్పుడు తినేవాడు. తిన్నాక తువ్వాలు మొహాన వేసుకుని పడుకునేవాడు.

ఆయనకు వారానికొక రోజు సెలవు. కొండమీద జనం ఎక్కువ, తప్పిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువ ఉండే ఆదివారమే కావాలని పోట్లాడి మరీ తీసుకున్నాడట. ఎందుకని అడిగితే, "చెవులకు," అన్నాడు. అంటే సెలవు చెవులకని నేను అర్థం చేసుకున్నాను. వారమంతా గుండ్లు, ఆదివారం గుండాలు. శేషాచలం కోనల్లో నీళ్ళు నిలిచే గుండాలు ఎన్ని ఉన్నాయో అన్నిటి దగ్గరా ఆయన కూర్చునే బండ ఒకటి ఉండేది. నా బండ వేరే. రెంటికీ మధ్య ఒక పెద్ద ఆకు పరిచి, దానిమీద తన సంగటి ముద్దలో సగం, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పెట్టి, వెనక్కి వెళ్ళి తన బండమీద కూర్చునేవాడు. అప్పుడు నేను వెళ్ళి తెచ్చుకోవాలి. కోతికి పెట్టినట్టు ఉంటుందని మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. తర్వాత గమనిస్తే, పెద్ద సగం ఎప్పుడూ ఆకులోనే ఉండేది.

ఒకసారి "అన్నా" అని పిలిచి చూశాను. వెనక్కి తిరిగాడు. "కొండమీద తప్పిపోయినోళ్ళంతా నన్ను అన్నా అనే అంటారు. నువ్వు సార్ అను. మార్పుగా ఉంటాది."

తలకోన, నాగలాపురం కొండలు, తడ దగ్గరి అడవి, అన్నీ అట్లాగే తిరిగాం. ఎర్రచందనం చెట్లు, జాలారి చెట్లు, ఎండాకాలం కలే పండ్లు, వానాకాలం జలగలు. ఇవన్నీ నేను చూసింది ఒక వీపు వెనకాలనుంచి. తడ వైపు ఒక కొండకొమ్ము మీద మాత్రం మా ఇద్దరి బండలూ ఒకటే అయినాయి. ఇంకో బండ లేదు. కింద దూరంగా పులికాట్ నీళ్ళు రేకు పరిచినట్టు మెరుస్తున్నాయి, వాటికవతల నల్లటి గీతలాగా శ్రీహరికోట. ఆయన దానివైపే చూస్తూ, అడక్కుండానే మాట్లాడాడు.

"రాకెట్లు రాకముందు ఆ అడివంతా నడిచినానప్పా. వయసులో. ఈత తోపులు, మొగలి పొదలు, అడుగడుక్కీ ఇసక. ఆ ఇసకలో కూత పోదు. ఇంకిపోతాది. యెంత అరిచినా పక్కనుండే మనిషికి కూడా ఇనబడదు."

"ఎవరిని పిలిచారు సార్ అక్కడ?"

ఆయన సద్దిమూట ముడి వేసుకున్నాడు. "దిగుదాం పద."

ఆయన ఇల్లూ వాకిలీ గురించి నాకు తెలిసింది అంతే. అడిగితే ఇంకా చెప్పేవాడేమో. అడగాలంటే పక్కన ఉండాలి కదా.

దారి చీలినచోట ఆయన ఒక పచ్చకొమ్మ విరిచి, ఒక దారిలో అడ్డంగా పడేసి, ఎగిరిపోకుండా రాయి పెట్టి పోయేవాడు. కట్టెలకూ ఉసిరికాయలకూ అడవికి పోయేవాళ్ళ పద్ధతి అది. ఆకు పడిన దారి మూసిన దారి, ఇటు రావద్దు అని. నాకది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మావైపు ఆకు వేశారంటే ఒకటే అర్థం, వచ్చి కూర్చోమని. పెళ్ళిళ్ళలో ఆకు పడ్డాక నేను ఆగిన దాఖలా లేదు. మొదటిసారి కొమ్మ కనబడగానే, నాకోసం గుర్తు పెట్టాడు పాపం అని మురిసిపోయి, దాన్ని దాటుకుని ఆ దారినే పోయాను.

దారి సన్నబడింది. తర్వాత దారి కాదు, నీళ్ళు పారిన గాడి. తర్వాత అదీ లేదు, ఎదురుగా నిట్టనిలువు బండ. వెనక్కి తిరిగితే వచ్చిన దారి కూడా లేదు. "సార్!" అని అరిచాను. కొండ "ఆర్" అంది. మళ్ళీ అరిచాను. ఆమడ దూరంలో మనిషి లేడని తెలియడానికి కొంతసేపు పడుతుంది. తెలిశాక ఇంకోరకం అరుపు వస్తుంది, అది మన గొంతులాగా ఉండదు. ఒక బెట్లుడుత కొమ్మమీదినుంచి నన్ను చూసి, జాలిపడడం తన పని కాదన్నట్టు పక్క చెట్టుకు దూకింది. పొద్దు వాలుతుండగా, అరవడం మానేసి కూర్చున్నాను.

ఆకు చప్పుడు కూడా కాలేదు. వెనకనుంచి ఆయన వచ్చి పక్క రాతిమీద కూర్చున్నాడు.

"మీకు వినబడలేదా సార్?"

"ఇనబడబట్టే గదా వచ్చింది."

"మరి పలకచ్చు కదా!"

"తిరిగి అరిస్తే ఇద్దరం అరుస్తా ఉంటాం. అడివికి యేంటికప్పా ఆ కర్మ?" నీళ్ళ సీసా అందించాడు. నేను తాగుతుంటే మైకు గదిలో అడిగినట్టే అడిగాడు. "పేరు?"

"సార్, మీకు తెలుసు కదా."

"యాడ తప్పిపోయినావు?"

"ఆ చీలిక దగ్గర. మీరు కొమ్మ వేశారు కదా, ఆ దారిలో."

ఒక్కసారి నవ్వాడు. నేను చూసిన నవ్వు అదొక్కటే. "యెవురితో వచ్చినావు?"

"మీతోనే కదా సార్."

నవ్వు ఆగిపోయింది. "నాతో యెవురూ రాలేదే," అన్నాడు నెమ్మదిగా. "నా యెనకాల వచ్చినావు."

ఆ మాట నా లోపల ముల్లులాగా ఉండిపోయింది. రెండు మాటలకూ తేడా ఉందని తెలుగు పండితుడికి తెలియదా? తెలుసు. అందుకే ఆరోజునుంచి నాకొకటే పట్టుదల. ఒక్కసారి, ఒక్క దారిలో, ఈ మనిషి పక్కన నడవాలి. నాతో వచ్చినావు అనిపించుకోవాలి. నేను వేగం పెంచితే ఆయనా పెంచేవాడు. తగ్గిస్తే ఏదో చెట్టు చూస్తున్నట్టు ఆగేవాడు. మా మధ్య కనబడని గడకర్ర ఏదో ఉన్నట్టు ఆ దూరం అట్లాగే ఉండేది.

ఒక పనిదినాన స్కూలుకు సెలవు దొరికితే కొండెక్కి మైకు గదికి వెళ్ళాను. గదిలో మూలన ఒక ముసలాయన బల్లమీద కూర్చుని ఉన్నాడు. అరవదేశం మనిషి, చెవులకు పోగులు. ఎవరో తెచ్చి కూర్చోబెట్టారట. ఈయన ఆయన ఊరూ పేరూ కొడుకు పేరూ తెలుగులో, తమిళంలో, కన్నడంలో, తన సొంత హిందీలో పిలిచాడు. కాసేపటికి మళ్ళీ పిలిచాడు. నేను కాఫీ తాగివచ్చేసరికి మళ్ళీ పిలుస్తున్నాడు. పిలిచిన ప్రతిసారీ ముసలాయన తలుపుకేసి నిటారుగా కూర్చునేవాడు. తర్వాత వంగిపోయేవాడు.

సార్ బయటికి వచ్చినప్పుడు ఆయన చెవిలో అన్నాను. "పొద్దుటినుంచి పిలుస్తున్నారు కదా సార్. రారేమో."

"రారు. ఈయన తప్పిపోలేదు ఐవారూ. వదిలిపెట్టి పోయినారు. మూడు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతాది నాకు."

"మరి ఇంకెందుకు పిలవడం?"

"నేను పిలవడం మానుకుంటే ఆయనకు తెలిసిపోతాది గదా."

లోపలికి వెళ్ళి మళ్ళీ మైకు మీద వేలితో కొట్టాడు. ఆ తర్వాత ఆదివారాలు ఆయన వెనకాల నడుస్తున్నప్పుడు ఆ వీపు నాకు వేరేగా కనబడేది. కానీ పట్టుదల మాత్రం పోలేదు. మందబుద్ధి అని ముందే చెప్పాను.

తుంబురు తీర్థం ముక్కోటికి పోదామన్నది నా ఎత్తు. ఫాల్గుణ పున్నమినాడు పాపవినాశనం అవతలినుంచి ఆ తీర్థానికి జనం వేలం వెర్రిగా నడుస్తారు. సన్నటి బాట, కిక్కిరిసిన మనుషులు. అంత జనంలో కూతవేటు దూరం ఎట్లా పాటిస్తాడు? పక్కపక్కనే నడవక చస్తాడా అని నా లెక్క.

"ఆ పొద్దు వద్దప్పా. ఆ పొద్దు అది అడివి కాదు, బస్టాండు."

"అయితే నేనొక్కడినే పోతాను సార్."

"పో."

పోయాను. పాపవినాశనం దగ్గర జనంలో పడి నడుస్తుంటే ముందు తెల్లచొక్కా కనబడింది. తువ్వాలు ముక్కు దాకా చుట్టుకుని, తల వంచుకుని నడుస్తున్నాడు. పరుగెత్తి పక్కకు చేరాను. నిజంగానే పక్కకు! నా భుజం ఆయన మోచేతికి తగులుతోంది.

"వచ్చారే సార్!"

తువ్వాలు లోంచి గొణిగాడు. "నువ్వు తప్పిపోతే మళ్ళా నేనే గదా పిలవల్ల."

ఆ నడక కాస్త దూరమే. ఒక వాగు దగ్గర గుండు చేయించుకున్న పెద్దమనిషి ఒకాయన అడ్డంగా నిలబడి "లక్షుమీ! లక్షుమీ!" అని అరుస్తున్నాడు. జనం తోసుకుంటున్నారు. ఆయన కాలు జారబోతుంటే ఈయన ఆపుకోలేక, "పక్కకు జరగండయ్యా," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాటకు చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగిచూశారు.

"ఈ గొంతు... ఓలబ్బా, ఇది మైకు గొంతు గదా!"

"అవునే! మైకు సారే!"

"సారూ, మా సిన్నోడు యెనకబడిపోయినాడు, ఒక్క కేకెయ్యి సామీ!"

"సార్, మా అత్త! నీ గొంతైతే ఇంటాది సారూ!"

అప్పుడు తెలిసింది నాకు. ఆ మొహం ఎవరికీ తెలియదు, ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ నామీద కోపంతో నోరు కట్టుకున్నాడనుకున్నాను. ఎవరైనా ఎదురుపడే ఏ బాటలోనైనా నోరు తెరిస్తే ఆయన ఆదివారం అయిపోయినట్టే. పాపం, నా ఎండా గాలీ కబుర్లకు ఆయన సెలవు ఖర్చయి ఉండేది.

ఆయన నాకేసి ఒక చూపు చూశాడు. తిట్టినా బాగుండేది. తర్వాత ఒక బండ ఎక్కి, తువ్వాలు కిందికి లాగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి పిలిచాడు. మైకు లేదు, కాగితం లేదు. లక్షుమిని, సిన్నోణ్ణి, ఎవరి అత్తనో, వరసగా, అన్ని భాషల్లోనూ. కోన అంతా ఆ గొంతుతో నిండిపోయింది. వాళ్ళు వచ్చారు కూడా, ఒక్కొక్కరే, నీళ్ళలో తడుచుకుంటూ, ఏడుస్తూ, తిట్టుకుంటూ. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కావలించుకుని వెళ్ళిపోయారు. బండమీది మనిషికేసి ఎవరూ మళ్ళీ చూడలేదు.

కొత్తవాళ్ళు చుట్టుముట్టేలోగా దిగిపోవాలని అవతలి రాతిమీదికి దూకాడు. పాచి. కాలు మడమ దగ్గర మడతపడింది. చప్పుడు నాకు వినబడింది.

అట్లా, నేను కోరుకున్నదే జరిగింది. తిరుగుదారంతా ఆయన చెయ్యి నా భుజంమీద, నా చెయ్యి ఆయన నడుం చుట్టూ. ఇద్దరం పక్కపక్కనే. దారి సన్నం కాబట్టి పక్కపక్కన పట్టక, నేను ముళ్ళలో నడిచాను. ఆయన పెదవి కొరుక్కుని నడిచాడు. కోరిక తీరిన మనిషి మొహం ఎట్లా ఉంటుందో ఆరోజు అద్దంలో చూసుకోనందుకు సంతోషం.

మడమ ఎముక విరిగింది. కట్టు విప్పాక కాలు బాగయిందన్నారు గానీ ఆయన మళ్ళీ అడవికి రాలేదు. ఎండాకాలం సెలవుల్లో నాకు మదనపల్లెకు బదిలీ అయింది. వెళ్ళేముందు కొండకు పోతే ఆయన సెలవులో ఉన్నాడు. ఉత్తరం రాద్దామనుకుంటూ ఉండగానే నేను సంసారిని అయ్యాను, ఆయన రిటైరయ్యాడు. ఆ తర్వాత సంగతి మైకు గదిలో చెప్పారు కదా.

ఇంక చెప్పాల్సింది కాలు విరిగిన మర్నాటి బస్సు ప్రయాణం ఒక్కటే.

ఎముక విరిగితే మావైపు ఎవరైనా పోయేది పుత్తూరుకే. కట్టు కట్టించడానికి ఆయన్ను తిరుపతి బస్టాండులో ఎక్కించాను. కిటికీ పక్కన ఆయన, ఇవతల నేను, వాచిపోయిన కాలు నా ఒళ్ళో. బస్సు కదలగానే నాకొక సంగతి తట్టింది. ఈ మనిషి ఇప్పుడు లేచి ముందుకు పోలేడు.

మాట్లాడడం మొదలుపెట్టాను. రెండేళ్ళ బాకీ. మా బడి సంగతులు, హెడ్మాస్టరుగారి తుమ్ములు, పద్యం అప్పజెప్పమంటే కడుపునొప్పి వచ్చే పిల్లలు, కొర్లగుంట గదిలో కారే నీళ్ళు, ఆదివారం సాయంత్రం స్టేషనునుంచి ఒక్కణ్ణే నడిచివచ్చేటప్పుడు ఎట్లా ఉంటుందో. రేణిగుంట దాటింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఊఁ అనలేదు. బస్సు కుదిపినప్పుడల్లా నుదురు ముడుచుకునేది, అంతే. నేను ఆపలేదు. ఆ సంక్రాంతి ముందు చిత్తూరు దగ్గర పెళ్ళిచూపులకు వెళ్ళిన కథ ఎత్తుకున్నాను. వాళ్ళ ఇల్లు, వాళ్ళ మేనమామ మీసాలు, నా చొక్కామీద ఒలికిన కాఫీ. "అబ్బాయీ, ఏమన్నా అడగాలంటే అడుగు," అన్నారు. నాకేమీ తోచలేదు. నోరు తెరిచి ఊరికే కూర్చున్నాను. "అప్పుడా అమ్మాయి తలెత్తి, తనే నన్నొక మాట అడిగింది సార్..."

ఆయన తల కిటికీకి ఆనించి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. నిద్రపోయాడు. ఇన్నాళ్ళ మాటలూ నిద్రపోయే మనిషికి చెప్పాను. ఆపేశాను. వడమాలపేటలో బస్సు ఆగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, మళ్ళీ కదిలింది.

"ఊఁ?"

చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఊఁ. ఏమడిగింది?"

ఆ ఒక్క ఊఁ కోసం ఎన్ని కొండలు ఎక్కానో, ఎన్ని జలగలను పోషించానో దేవుడికే తెలుసు. గొంతు దాకా వచ్చింది జవాబు. దాన్ని మింగేసి, అవతల చెరుకుతోటలకేసి చూశాను.

"ఐవారూ, నిన్నే. ఏమడిగింది ఆ పాప?"

"తర్వాత చెప్తాను సార్. పుత్తూరు వచ్చేస్తోంది."

"వస్తే రానీప్పా. ఏమడిగింది?"

"కాలు జాగ్రత్త సార్."

కట్టు కట్టే ఇంటిముందు వరసలో కూర్చున్నప్పుడు మోచేత్తో నన్ను పొడిచాడు. నేను ఎదురుగా గోడమీది కేలెండరు చదివాను. లోపల, కోడిగుడ్డు సొనా ఆకుపసరూ కలిపి, వెదురు బద్దలు పక్కన పెట్టుకుని, కట్టు కట్టే ఆయన మడమ పట్టుకున్నాడు. "గెట్టిగా అరుచుకో సామీ, సిగ్గేం లేదు," అని చెప్పి, ఎముకను ఒక్కసారి లాగి కూర్చోబెట్టాడు. అందరూ "అమ్మా" అని కేకవేసేచోట, ఈయన నా చొక్కా పిడికిట్లో పట్టుకుని, మొహమంతా చెమటతో, "చెప్పి చావప్పా, ఏమడిగింది?" అన్నాడు.

నేను చెప్పలేదు.

"వచ్చే ఆదివారం చెప్తాను సార్," అన్నాను. "నడుస్తూ."